బాలికల జట్టులో ఎవరికి చోటు? అమెరికా బడి క్రీడల చట్టాల లోపలి లెక్క

సంక్షిప్తంగా

అమెరికాలో 25కు పైగా రాష్ట్రాలు బడుల్లోని బాలికల జట్లను పుట్టుకతో ఆడపిల్లలైనవారికే పరిమితం చేస్తూ చట్టాలు తెచ్చాయి. కాలిఫోర్నియా, మెయిన్ వంటివి సరిగ్గా దీనికి ఎదురు నియమం పాటిస్తున్నాయి. రెండు పక్షాలూ చూపే ఆధారం మాత్రం ఒకటే: చదువులో లింగ వివక్షను నిషేధించే 1972 నాటి ఫెడరల్ చట్టం టైటిల్ 9. పైకి ఈ చట్టాలు ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నా ఏ తరగతి నుంచి వర్తిస్తాయి, ఏ రుజువు అడుగుతాయి, ఉల్లంఘిస్తే ఎవరు దావా వేయవచ్చు అనే చోట్ల చాలా తేడాలున్నాయి. అమలులో చిక్కులు ఎక్కువగా వస్తున్నది రుజువు దగ్గర. ఆ చిక్కు ట్రాన్స్‌జెండర్ విద్యార్థులతో ఆగిపోవడం లేదు.

వేరు జట్లకు పునాది

1972 జూన్ 23న అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ సంతకంతో టైటిల్ 9 చట్టమైంది. ఫెడరల్ నిధులు తీసుకునే ఏ విద్యా కార్యక్రమంలోనూ లింగం కారణంగా ఎవరినీ మినహాయించకూడదు, వివక్ష చూపకూడదు అన్నది దాని సారం. ఆ ప్రధాన వాక్యంలో ఆటల ప్రస్తావనే లేదు. ఆటల సంగతి 1975 నిబంధనల్లో వచ్చింది.

ఆ నిబంధనలు రెండు మాటలు పక్కపక్కనే చెప్పాయి. ఆటల్లోనూ వివక్ష కుదరదు. కానీ నైపుణ్యం చూసి ఎంపిక చేసే జట్లలోనూ, ఒకరినొకరు ఢీకొనే ఆటల్లోనూ బాలబాలికలకు వేరు జట్లు నడపవచ్చు. బాక్సింగ్, కుస్తీ, రగ్బీ, ఐస్ హాకీ, అమెరికన్ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌ను రెండో కోవలో పేరుపెట్టి చేర్చారు. వేరు జట్లు నడిపే వీలు ఇచ్చారే తప్ప నడపాలని ఆదేశించలేదు. నేటి కోర్టు వాదనల్లో ఈ తేడాకు బరువు ఎక్కువ.

ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. 1971-72లో అమెరికా హైస్కూల్ జట్లలో ఆడిన బాలికలు సుమారు 2,94,000. 2018-19 నాటికి ఆ సంఖ్య 34 లక్షలకు చేరింది. బాలురతో కలిసి ఒకే ఎంపికలో పోటీపడమంటే ఇందులో చాలామందికి జట్టులో చోటు దొరికేది కాదన్న విషయంలో రెండు పక్షాలకూ పేచీ లేదు. పేచీ అంతా ఆ గీతను ఎక్కడ గీయాలన్న దానిమీదే. 1975లో ఆ ప్రశ్న ఎవరికీ తట్టలేదు కాబట్టి నిబంధనల్లో లింగానికి నిర్వచనం రాయలేదు. ఆ ఖాళీని ఇప్పుడు ఒక్కో రాష్ట్రం ఒక్కో తీరుగా పూరిస్తోంది.

సంఘాల నియమావళి నుంచి శాసనసభలకు

2020కి ముందు ఈ వ్యవహారం రాష్ట్ర హైస్కూల్ క్రీడా సంఘాల చేతుల్లో ఉండేది. టెక్సాస్‌లో యూఐఎల్, ఫ్లోరిడాలో ఎఫ్‌హెచ్‌ఎస్‌ఏఏ, కాలిఫోర్నియాలో సీఐఎఫ్ అలాంటి సంఘాలే. వయసు, మార్కులు, నివాసం, బడి మార్పు లాంటి అర్హతలన్నీ అవే చూస్తాయి. ట్రాన్స్‌జెండర్ బాలికల విషయంలో (పుట్టినప్పుడు మగబిడ్డగా నమోదై, బాలికగా జీవిస్తున్నవారు) కొన్ని సంఘాలు బడి రికార్డులో ఉన్న గుర్తింపును ఒప్పుకునేవి, కొన్ని హార్మోన్ చికిత్స జరిగి ఉండాలనేవి, కొన్ని జనన ధ్రువీకరణ పత్రమే చూసేవి. అవసరమైతే ఒక్కో విద్యార్థి సంగతి విడిగా విచారించేవి.

ఐడహో దీన్ని మార్చింది. 2020 మార్చి 30న గవర్నర్ బ్రాడ్ లిటిల్ సంతకం చేసిన హెచ్‌బీ 500 అనే బిల్లు ఈ తరహా చట్టాల్లో దేశంలోనే మొదటిది. మరుసటి ఏడాదే మిసిసిపీ, వెస్ట్ వర్జీనియా, ఫ్లోరిడా, టెక్సాస్ తదితర రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. నియమావళిలో ఉన్నదాన్ని శాసనంలోకి ఎక్కిస్తే రాష్ట్రమంతా ఒకే నియమం వస్తుంది, కోచ్ ఎవరి మొహమాటానికీ లొంగనక్కర్లేదు. అయితే అరుదైన కేసు ఎదురైనప్పుడు విడిగా ఆలోచించే వెసులుబాటు పోతుంది. పొరపాటు దొరికినా దిద్దడానికి మళ్లీ శాసనసభే కూర్చోవాలి.

ఎంతమంది గురించి ఈ చట్టం అన్న ప్రశ్న 2022లో యూటాలో తలెత్తింది. రిపబ్లికన్ గవర్నర్ స్పెన్సర్ కాక్స్ తన సొంత పార్టీ బిల్లునే వీటో చేస్తూ రాసిన లేఖలో లెక్క చెప్పారు: రాష్ట్రంలో ఆటలాడే హైస్కూల్ విద్యార్థులు 75,000 మంది, వారిలో ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు నలుగురు, బాలికల జట్టులో ఆడుతున్నది ఒక్కరు. శాసనసభ మార్చి 25న వీటోను తోసిపుచ్చింది. కళాశాల క్రీడలను నడిపే జాతీయ సంఘం ఎన్‌సీఏఏ అధ్యక్షుడు చార్లీ బేకర్ 2024 డిసెంబరులో సెనేట్ కమిటీకి ఇచ్చిన లెక్కా ఇలాంటిదే: 5,10,000 మంది క్రీడాకారుల్లో తనకు తెలిసిన ట్రాన్స్‌జెండర్ క్రీడాకారులు పదిమంది లోపే. చట్టాన్ని సమర్థించేవారు దీనికిచ్చే జవాబు కూడా తీసిపారేయదగింది కాదు. ఎనిమిది లేన్ల ఫైనల్లో ఒక్క లేన్ పోయినా నష్టపోయేది ఒక నిజమైన అమ్మాయి. నియమం కేసులు పెరిగాక కాక ముందే ఉండాలి అంటారు వారు.

ఒకే శీర్షిక, వేర్వేరు చట్టాలు

పత్రికల్లో అన్నిటినీ కలిపి ‘నిషేధం’ అనేస్తారు. బిల్లు తెరిచి చదివితే కథ వేరు.

నిర్వచనం చూద్దాం. వెస్ట్ వర్జీనియా 2021 చట్టం లింగాన్ని పుట్టినప్పటి ప్రత్యుత్పత్తి నిర్మాణం, జన్యువుల ఆధారంగా మాత్రమే నిర్ణయించాలంటుంది. టెక్సాస్ శరీరం జోలికి పోకుండా, పుట్టిన సమయంలో లేదా దానికి దగ్గరలో జారీ అయిన జనన ధ్రువీకరణ పత్రంలో ఏముందో అదే అంటుంది. గుమాస్తా పొరపాటును సరిచేస్తే ఒప్పుకుంటుంది, తర్వాత మార్పించుకున్నదాన్ని ఒప్పుకోదు.

వర్తించే వయసూ ఒకటి కాదు. ఐడహోలో ప్రాథమిక బడి నుంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయం దాకా, క్లబ్ జట్లతో సహా, అన్నీ చట్టం కిందకు వస్తాయి. కెంటకీలో ఆరో తరగతి నుంచి మొదలు. ఇండియానా 2022 చట్టం బడులతోనే ఆగింది. టెక్సాస్ మొదట 2021లో బడులకు, 2023లో మరో చట్టంతో కళాశాలలకు వర్తింపజేసింది.

చాలా చట్టాలు గీతను ఒకవైపే గీశాయి. బాలికలు బాలుర జట్టులో ఆడటానికి వాటిలో అడ్డు ఉండదు. ఫుట్‌బాల్, కుస్తీ జట్లలో అక్కడక్కడా అమ్మాయిలు కనిపించేది అందుకే. టెక్సాస్ ఇక్కడా ఒక షరతు పెట్టింది: ఆ ఆటలో బాలికల పోటీ లేనప్పుడే అమ్మాయి బాలుర పోటీలోకి వెళ్లవచ్చు.

ఇక శిక్ష. నేర శిక్షలు కాదు, సివిల్ దావాలు. ఐడహో చట్టం ప్రకారం తనకు దక్కాల్సిన అవకాశం పోయిందనుకున్న విద్యార్థిని రెండేళ్లలోగా బడి మీద దావా వేయవచ్చు. ఫ్లోరిడాలో క్రీడా సంఘమే రంగంలోకి దిగింది. ట్రాన్స్‌జెండర్ విద్యార్థినిని వాలీబాల్ జట్టులో ఆడించినందుకు బ్రోవార్డ్ కౌంటీలోని ఒక హైస్కూల్‌కు 2023 డిసెంబరులో 16,500 డాలర్ల జరిమానా పడింది. దావా భయం ఉన్నచోట కోచ్ చట్టం అడిగినదానికన్నా ఎక్కువ జాగ్రత్తపడతాడు. ఆ జాగ్రత్తే ఒక్కోసారి అనుమానంగా మారుతుంది.

రుజువు: అసలు ముడి ఇక్కడే

జట్టులో చేరేముందు ప్రతి విద్యార్థీ డాక్టర్ సంతకంతో ఫిజికల్ ఫారం ఇవ్వాలి. గుండె, కీళ్లు, ఆస్తమా, పాత గాయాలు అందులో ఉంటాయి. ఐడహో చట్టం రుజువు బాధ్యతను ఈ పరీక్షకే తగిలించింది. ఒక విద్యార్థిని లింగం మీద వివాదం వస్తే ఆమె డాక్టర్ మూడింటిలో ఒకటో అంతకన్నా ఎక్కువో చూసి ధ్రువీకరించాలి: ప్రత్యుత్పత్తి అవయవాల నిర్మాణం, జన్యు నిర్మాణం, శరీరం సహజంగా తయారుచేసే టెస్టోస్టెరాన్ స్థాయి.

మూడూ సాధారణ స్పోర్ట్స్ ఫిజికల్‌లో భాగం కావు. జననాంగ పరీక్ష ఒక టీనేజీ అమ్మాయికి ఎంత అవమానకరమో చెప్పనక్కర్లేదు. జన్యు పరీక్షకు ప్రయోగశాల కావాలి. టెస్టోస్టెరాన్ స్థాయి వయసుతోనూ పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) వంటివాటితోనూ మారుతుంది. పైగా వివాదం ఎవరు లేవనెత్తవచ్చో, ఎంత ఆధారం ఉంటే దాన్ని స్వీకరించాలో చట్టం చెప్పలేదు. ప్రత్యర్థి జట్టు తల్లిదండ్రులు లేవనెత్తినా అది వివాదమే. 2020 ఆగస్టులో చట్టాన్ని తాత్కాలికంగా నిలిపేసిన ఫెడరల్ జడ్జి డేవిడ్ నై ఈ లోపాన్ని ప్రత్యేకంగా ఎత్తిచూపారు. ఈ భారం బాలికల జట్లలోని వారిమీదే, ట్రాన్స్‌జెండర్ అయినా కాకపోయినా, పడుతుందన్నది ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి.

ఇది ఊహ కాదని యూటా చూపించింది. 2022లో ఒక పోటీలో మొదటి స్థానం పొందిన అమ్మాయి మీద రెండు, మూడు స్థానాల్లో వచ్చినవారి తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. రాష్ట్ర క్రీడా సంఘం ఆమె కుటుంబానికి చెప్పకుండానే కిండర్‌గార్టెన్ నుంచి బడి రికార్డులన్నీ తిరగేసింది. అన్నిట్లోనూ ఆమె ఆడపిల్లే. 2024 ఫిబ్రవరిలో అదే రాష్ట్రంలో విద్యామండలి సభ్యురాలు నటాలీ క్లైన్ ఒక బాస్కెట్‌బాల్ విద్యార్థిని మీద అనుమానం రేకెత్తించే పోస్టు పెట్టారు. ఆ అమ్మాయి ట్రాన్స్‌జెండర్ కాదు. మండలి క్లైన్‌ను అభిశంసించింది.

పొట్టి జుట్టు, వెడల్పు భుజాలు, మంచి టైమింగ్ – అనుమానానికి ఇంతకుమించి కారణం అక్కర్లేకపోతే నియమం ఎంత స్పష్టంగా రాసినా అమలు గజిబిజిగానే ఉంటుంది. చట్టసభలు కొంత నేర్చుకున్నాయి కూడా. ఒహాయో ప్రతినిధుల సభ 2022లో ఆమోదించిన బిల్లులో బాహ్య, అంతర అవయవాల పరీక్ష నిబంధన ఉండేది. విమర్శలు వచ్చాక దాన్ని తీసేశారు. ఫ్లోరిడా, టెక్సాస్ కాగితం మీదే ఆధారపడటానికి కారణం కూడా బహుశా ఇదే. కాగితం చూసే పద్ధతి తక్కువ బాధపెడుతుంది, తక్కువ ఖర్చు. కానీ పుట్టినప్పటి పత్రాన్ని తర్వాత మార్చుకోనిచ్చే రాష్ట్రాల్లో, ఇప్పుడు చేతిలో ఉన్నది మొదటిదా మార్చిందా అని కొన్నిసార్లు కాగితాన్ని చూసి చెప్పలేరు.

ప్రయోగశాలతో ఈ గొడవ తీరుతుందా? ఒలింపిక్స్ చరిత్ర తల అడ్డంగా ఊపుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 1968లో మొదలుపెట్టిన క్రోమోజోమ్ పరీక్షలను 1999లో ఆపేసింది. 1996 అట్లాంటా క్రీడల్లో 3,387 మంది మహిళలను పరీక్షిస్తే ఎనిమిది మందికి పాజిటివ్ వచ్చింది. చివరకు ఎనిమిది మందినీ ఆడనిచ్చారు. వారిలో ఏడుగురికి ఉన్నది ఆండ్రోజెన్ ఇన్‌సెన్సిటివిటీ: క్రోమోజోములు ఎక్స్‌వై అయినా శరీరం టెస్టోస్టెరాన్‌కు స్పందించని స్థితి. పుట్టినప్పటి నుంచి ఆడపిల్లగా పెరిగిన అమ్మాయికి ఈ సంగతి పరీక్షతోనే మొదటిసారి తెలియవచ్చు. ఒలింపిక్ స్థాయిలో ఆ వార్తను విడమరిచి చెప్పే నిపుణులు పక్కన ఉంటారు. జిల్లా స్థాయి పరుగుపందెంలో ఎవరూ ఉండరు. ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య 2025 సెప్టెంబరు 1 నుంచి ఎస్‌ఆర్‌వై జన్యు పరీక్షను (వై క్రోమోజోమ్ మీద ఉండే జన్యువు కోసం చూసేది) మళ్లీ తెచ్చింది, అయితే అది ప్రపంచ ర్యాంకింగ్‌కు లెక్కలోకి వచ్చే మహిళా పోటీలకే.

ఈ దారిలో దెబ్బతిన్నవారు మన దేశంలోనూ ఉన్నారు. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల రజతం గెలిచిన తమిళనాడు అమ్మాయి శాంతి సౌందరాజన్ పతకాన్ని లింగ పరీక్ష తర్వాత వెనక్కి తీసుకున్నారు. ఒడిశాకు చెందిన ద్యుతీ చంద్‌ను టెస్టోస్టెరాన్ కారణంగా 2014లో పక్కనపెట్టారు. ఆమె హైదరాబాద్‌లో కోచ్ నాగపురి రమేశ్ దగ్గర శిక్షణ కొనసాగించింది. 2015 జులైలో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం ఆ నియమాన్నే నిలిపేసింది. వీరిద్దరూ ట్రాన్స్‌జెండర్ కాదు. రెండు అంశాలను కలగలిపి మాట్లాడటం ఈ చర్చలో తరచూ జరిగే తప్పు.

శరీరశాస్త్రం ఎంతవరకు చెబుతుంది

యుక్తవయసు మార్పులకు ముందు బాలబాలికల మధ్య ఆటల సామర్థ్యంలో తేడా చిన్నది. ఆ తర్వాత పెద్దదవుతుంది. వయోజన పురుషుల రక్తంలో టెస్టోస్టెరాన్ లీటరుకు సుమారు 8 నుంచి 30 నానోమోల్స్ ఉంటే ఎక్కువమంది మహిళల్లో 2 లోపే ఉంటుంది. ఎత్తు, ఎముక పొడవు, కండ, హిమోగ్లోబిన్ అన్నీ దాన్నిబట్టి మారతాయి. అగ్రశ్రేణి పరుగు, ఈతల్లో తేడా 10–12 శాతం. దూకడంలోనూ, భుజబలం కావాల్సిన ఆటల్లోనూ ఇంకా ఎక్కువ.

టెస్టోస్టెరాన్ తగ్గిస్తే ఈ ఆధిక్యం పోతుందా? అమెరికా వైమానిక దళ సిబ్బంది ఫిట్‌నెస్ రికార్డులతో 2020లో వచ్చిన అధ్యయనం మిశ్రమ జవాబు ఇచ్చింది. రెండేళ్ల చికిత్స తర్వాత ట్రాన్స్‌జెండర్ మహిళలకు పుషప్స్‌లో ఉన్న ఆధిక్యం మాయమైంది. ఒకటిన్నర మైలు పరుగులో మాత్రం వారు సగటున 12 శాతం వేగంగానే ఉన్నారు. పెరిగిన ఎముక ఎలాగూ కుదించుకుపోదు.

అయితే ఈ పరిశోధన దాదాపు అంతా పెద్దవాళ్ల మీద. బడి చట్టాల్లో తేడా పడే చోటు వేరు: మందులతో యుక్తవయసు మార్పులను ఆపించుకున్న, మగ యుక్తవయసును అసలు దాటని పిల్లలు. ప్రపంచ ఈత సమాఖ్య 2022 నియమం 12 ఏళ్లలోపు లేదా యుక్తవయసు తొలి దశలోనే మగ యుక్తవయసును ఆపించుకున్నవారికి దారి వదిలింది. రాష్ట్ర చట్టాల్లో చాలావాటికి ఆ కిటికీ లేదు. కిండర్‌గార్టెన్ నుంచి వర్తించే చట్టానికి శరీరశాస్త్రం అందించే మద్దతు పదకొండో తరగతి విషయంలో ఇచ్చేంత గట్టిది కాదు. మరోవైపు, యుక్తవయసు ఏ దశలో ఆగిందో ప్రతి విద్యార్థి విషయంలో తేల్చాలంటే బడి వైద్య ఫైళ్లు తెరవాలి. సులువైన నియమం కావాలనేవారు ఎత్తిచూపేది దీన్నే.

కోర్టుల్లో రెండు ప్రశ్నలు

వెస్ట్ వర్జీనియా కేసులో బి.పి.జె. అనే అక్షరాలతో రికార్డయిన విద్యార్థిని సరిగ్గా ఆ మధ్య స్థితిలోనిదే. బాలికగా జీవిస్తూ, మందులతో మగ యుక్తవయసును ఆపించుకున్న విద్యార్థిని. 2023 జనవరిలో జిల్లా జడ్జి రాష్ట్రం పక్షాన తీర్పిచ్చారు. 2024 ఏప్రిల్ 16న నాలుగో సర్క్యూట్ అప్పీలు కోర్టు 2–1తో దాన్ని తిప్పేసింది: ఈమె విషయంలో చట్టం టైటిల్ 9ను ఉల్లంఘిస్తోంది, బాలుర జట్టులో ఆడు లేదా మానుకో అనడం నిజమైన ఎంపిక కాదు. ఐడహో చట్టం మీద నిలుపుదలను తొమ్మిదో సర్క్యూట్ 2023లో సమర్థించింది. ఈ రెండు కేసుల్లో సుప్రీంకోర్టు 2026 జనవరి 13న వాదనలు విన్నది.

అక్కడి ప్రశ్నలు రెండు. లింగాన్ని బట్టి వేరుచేసే చట్టానికి బలమైన కారణం చూపాలన్నది రాజ్యాంగ సూత్రం. ఆ కారణం చట్టానికి మొత్తంగా ఉంటే చాలా, లేక మగ యుక్తవయసు దాటని ఒక్క విద్యార్థి విషయంలోనూ ఉండాలా? ఇది మొదటిది. టైటిల్ 9లోని లింగం పుట్టుకతో వచ్చిందేనా, ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో బయట పెట్టడమూ దాని కిందకు వస్తుందా అన్నది రెండోది. ఉద్యోగాల విషయంలో వస్తుందని 2020లో బోస్టాక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఉద్యోగాల చట్టంలో లేని వేరు జట్ల అనుమతి టైటిల్ 9 నిబంధనల్లో ఉంది కాబట్టి ఆ పోలిక చెల్లదని రాష్ట్రాల వాదన.

ఇక్కడ ఒక అపోహ తరచూ కనిపిస్తుంది. రాష్ట్రాలు ఇలాంటి చట్టం చేయవచ్చా అన్నదే ఆ కేసుల్లోని ప్రశ్న. చేసితీరాలా అన్నది కాదు. చేయవచ్చు అన్నంత మాత్రాన కాలిఫోర్నియా చట్టం దానంతటదే కూలిపోదు.

వాషింగ్టన్ చేతిలో నిధుల తాళం

దేశవ్యాప్త నిషేధ బిల్లును ప్రతినిధుల సభ 2025 జనవరి 14న 218–206తో ఆమోదించింది. మార్చి 3న సెనేట్‌లో 51–45 వచ్చింది. చర్చ ముగించడానికి 60 ఓట్లు కావాలి కాబట్టి అది అక్కడే ఆగింది. ఈలోగా ఫిబ్రవరి 5న అధ్యక్షుడు ట్రంప్ కార్యనిర్వాహక ఉత్తర్వు 14201 జారీ చేశారు. బాలికల జట్లలో ట్రాన్స్‌జెండర్ విద్యార్థినులను ఆడించే సంస్థలకు నిధులు ఆపాలన్నది దాని ఆదేశం. మర్నాడే ఎన్‌సీఏఏ తన నియమం మార్చుకుంది.

ఉత్తర్వు చట్టం కాదు. రాష్ట్ర చట్టాన్ని రద్దు చేయజాలదు, డబ్బుతో ఒత్తిడి మాత్రం తేగలదు. మెయిన్ రాష్ట్ర మానవ హక్కుల చట్టం జెండర్ గుర్తింపుకు రక్షణ ఇస్తుంది కాబట్టి అక్కడి బడులు రెండు ఆదేశాల మధ్య ఇరుక్కున్నాయి. వ్యవసాయ శాఖ ఆపిన నిధుల్లో పిల్లల భోజనాలకు సంబంధించినవీ ఉన్నాయి. కోర్టు వాటిని విడుదల చేయమంది, మే నెలలో రాజీ కుదిరింది. ఏప్రిల్ 16న న్యాయశాఖ వేసిన దావా వేరు. జులైలో కాలిఫోర్నియా మీదా అలాంటి దావా పడింది.

కాలిఫోర్నియా సీఐఎఫ్ 2025 మేలో రాష్ట్ర ట్రాక్ పోటీలకు ఒక మధ్యేమార్గం పట్టింది. ట్రాన్స్‌జెండర్ విద్యార్థిని వల్ల అర్హత తప్పిన బాలికకు అదనపు చోటు ఇచ్చింది, పతకాల దగ్గరా ఒక స్థానాన్ని ఇద్దరికి పంచింది. ఎవరినీ బయట పెట్టకుండా లెక్క సరిచేసే ఈ పద్ధతి దూకే, విసిరే పోటీల్లో నడుస్తుంది. ఐదుగురే ఆడే బాస్కెట్‌బాల్‌లో, ఒకరే మిగిలే కుస్తీలో నడవదు.

ప్రవాస తెలుగు కుటుంబాలకు

టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కు ఇల్లు మారితే ఈ నియమం తలకిందులవుతుంది. టెక్సాస్ పుట్టినప్పటి పత్రం అడుగుతుంది. న్యూజెర్సీలో అలాంటి నిషేధమే లేదు. భారత్‌లో పుట్టిన పిల్లల విషయంలో చిన్న చిక్కు ఉంది. మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో 21 రోజుల్లోపు నమోదైతే ఇబ్బంది లేదు. వీసా కోసం ఏళ్ల తర్వాత నమోదు చేయించుకున్నవారి దగ్గర ఉన్నది ‘పుట్టిన సమయానికి దగ్గరలో’ జారీ అయిన పత్రం కాదు. అసలు పత్రం దొరకనప్పుడు మరో ప్రభుత్వ రికార్డును టెక్సాస్ చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి పిల్ల పాత పాస్‌పోర్టును పారేయకుండా దాచడం మంచిది. ఫిజికల్ ఫారం, జనన పత్రం పేర్లలో ఇంటిపేరు ముందువెనకలైతే ట్రైఔట్స్‌కు (జట్టు ఎంపిక పరీక్షలకు) ముందే బడి ఆఫీసులో సరిచేయించుకోవాలి. సీజన్ మొదలయ్యాక ఫిర్యాదు వస్తే అది తేలేలోపు మ్యాచులు అయిపోతాయి.